చార్టు నిండా తొంభై ఎనిమిది పాయింట్ ఆరు

నర్సింగ్‌లో కొత్తగా చేరిన పిల్లలు నన్ను మొదట అడిగేది ఒకటే. "మేడమ్, బయాలజీకి ఏ గైడు కొనాల? మైక్రోబయాలజీకి ఏది మంచిది? న్యూట్రిషన్‌కి సన్నది ఒకటి ఉండాదంట, నిజమేనా?" రిటైరై ఆదోనిలో ఇంటిపట్టున కూర్చున్నా ఈ ప్రశ్న నన్ను వదల్లేదు. మొన్న మార్కెట్లో వంకాయలు ఏరుకుంటుంటే ఒక పిల్ల పక్కకు వచ్చి నిలబడి ఇదే అడిగింది. నాకు ఓపిక అయిపోయింది. అందుకే కూర్చుని ఈ నాలుగు మాటలు రాస్తున్నాను. ఇక మీదట ఎవరు అడిగినా ఈ కాగితాలు చేతిలో పెట్టి నా పని నేను చూసుకుంటాను.

ఎమ్మిగనూరులో పన్నెండేళ్లు స్టాఫ్ నర్సుగా పనిచేశాను, ఎక్కువకాలం కాన్పుల గదిలో. తర్వాత ఇరవై ఏళ్లకు పైగా ఆదోనిలో ఒక ప్రైవేటు నర్సింగ్ స్కూల్లో ట్యూటర్ని. మొదటి సంవత్సరం పిల్లలకు బయాలజీ, మైక్రోబయాలజీ, న్యూట్రిషన్ చెప్పేదాన్ని. ఈ మూడూ ఎవరూ కోరుకోని సబ్జెక్టులు. వార్డు సబ్జెక్టులన్నీ పెద్దవాళ్లు పంచుకుని, మిగిలినవి నాకు తోసేవారు. ఏ ఏడు ఏ ఇంక్రిమెంటు వచ్చిందో ఇక్కడ రాయను, అది చదివి మీరు బాగుపడేది ఏమీ లేదు. మన వృత్తికి పట్టిన ఒక్క జబ్బు గురించి మాత్రం రాస్తాను. చూడకుండా రాయడం దాని పేరు. నాకూ ఉండేది. దాని వల్ల ఇరవై ఏళ్ల బాలింత ఒకామె ప్రాణం మీదికి వచ్చింది.

బొట్టు పెట్టిన మైక్రోస్కోపు

మా స్కూలుకు మైక్రోస్కోపు ఒక్కటే. అద్దాల బీరువాలో గుడ్డ కప్పి, తాళం వేసి ఉండేది. తాళంచెవి ప్రిన్సిపాల్ మేడమ్ కొంగున ఉండేది. ఇన్‌స్పెక్షన్ రోజు, ఆయుధపూజ రోజు, ఈ రెండు రోజులే దానికి గాలి తగిలేది. ఆయుధపూజకు బీపీ మిషన్లకు, బరువు తూచే మిషనుకు, ఆటోక్లేవుకు, స్కూలు బస్సుకు అన్నిటితో పాటు దానికీ పసుపు, కుంకుమ, బంతిపూలు. నేనూ దండం పెట్టుకున్నదాన్నే. అందులో తప్పు పట్టేదేమీ లేదు.

ఒక ఏడు పూజ అయిన తర్వాతి వారం ప్రిన్సిపాల్ మేడమ్ ఏ కళనుందో, తాళం తీసి ఇచ్చి పిల్లలకు రక్తకణాలు చూపించమంది. నలభై మంది పిల్లలు. రక్తం పూసిన స్లైడు అప్పటికే దాని మీద బిగించి ఉంది. నేను కన్ను పెట్టి కూడా చూడలేదు. లైన్లో నిలబెట్టి, ఒక్కొక్కరు పది అంకెలు లెక్కపెట్టేంతసేపు చూసి పక్కకు జరగండి అన్నాను. సాయంత్రానికి నలభై రికార్డులు నా టేబుల్ మీదికి వచ్చాయి. ముప్పై తొమ్మిదింటిలో ఎర్ర పెన్సిలుతో చక్కటి గుండ్రాలు, మధ్యలో చిన్న గుంట, పుస్తకంలో ఎట్లుందో అట్లనే. ముప్పై తొమ్మిదింటికీ 'గుడ్' అని సంతకం పెట్టాను.

నలభయ్యోది రూతుది. మద్దికెర పిల్ల. అమ్మానాయన వేరుశనగ చేలల్లో కూలికి పోతారు, ఆదివారం చర్చికి పోతారు. ఆ ఇంట్లో పదో తరగతి దాటింది ఈ పిల్ల ఒక్కతే. ఆమె గుండ్రాలు గీయలేదు. రాళ్లు పగలగొట్టినట్టు వంకర టింకర ముక్కలు గీసి కింద ఇట్లా రాసింది: "ఒకటి పెద్దది, ఒకటి చిన్నది. అంచులు గరుకుగా ఉన్నాయి. గుండ్రంగా ఏమీ కనపడలేదు. కుంకుమ మాదిరి ఉంది."

క్లాసులో అందరి ముందు లేపి నిలబెట్టాను. "మీ ఇంట్లో కుంకుమే ఉండదు కదమ్మా, నీకెట్ల తెలిసింది కుంకుమని?" అన్నాను. పిల్లలు నవ్వారు. "మా పక్కింట్లో ఉండాది మేడమ్," అంది. పేజీకి అడ్డంగా ఎర్ర గీత కొట్టి 'మళ్లీ రాయి' అని రాశాను.

ఆ సాయంత్రం బీరువాలో పెట్టేముందు ఎందుకో నేను కన్ను పెట్టాను. కుంకుమే. పూజలో బొట్టు పెట్టినప్పుడు స్లైడు మీద రాలింది. నలభై మంది కుంకుమ చూసి, ముప్పై తొమ్మిది మంది రక్తకణాలు గీశారు. స్పిరిట్ దూదితో తుడిచి తాళం వేశాను. మరుసటి రోజు రూతు గుండ్రాలు గీసి తెచ్చింది. అంతా తెలిసీ దానికి కూడా 'గుడ్' అని పెట్టాను. నలభై మంది ముందు నా మాట పోతుందని భయం. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గుగా ఉంది.

చిప్పగిరిలో సాల్మన్ చేప

న్యూట్రిషన్ సంగతి ఇంకా ఘోరం. గర్భిణికి ఒకరోజు ఆహారం పట్టిక రాసుకుని రమ్మంటే చిప్పగిరి పిల్ల ఒకతె సాల్మన్ చేప, బ్రొకోలీ, ఆలివ్ నూనె అని రాసుకొచ్చింది. నెత్తి కొట్టుకున్నాను.

"సాల్మన్ చేపను ఎప్పుడైనా చూసినావా?"

"లేదు మేడమ్."

"బ్రొకోలీ?"

"ఫోన్లో సూసినాను మేడమ్."

"నువ్వు కడుపులో ఉన్నప్పుడు మీ అమ్మ ఏం తినింది?"

"జొన్నరొట్టె, పుంటికూర పప్పు, శనక్కాయల ఊరుబిండి. కొర్రన్నం సేస్తాండ్రి అప్పుడప్పుడు."

"మరి అది రాయొచ్చు కదా?"

"అది రాస్తే మార్కులు ఏస్తారా మేడమ్?"

ఏం చెప్పేది? వేయరు. ఊరుబిండి అని, అంటే శనక్కాయల పచ్చడి అని, రాసిన పేపరును కొట్టేసిన ఎగ్జామినర్‌ను నా కళ్లతో చూశాను. శనక్కాయల్లో మాంసకృత్తులు ఉన్నాయని పై పేజీలో రాస్తే ఒక మార్కు వేసి, వాటిని ఇంట్లో ఎట్లా తింటారో కింది పేజీలో రాస్తే సున్నా చుట్టింది ఆ మహాతల్లి. పరీక్షలో ఏం రాస్తారో మీ ఇష్టం, ఆ పాపం మాది. కానీ వార్డులో రక్తం తక్కువున్న ఆడమనిషికి ఆపిల్ తినమని చెప్పేముందు ఆమె నిన్న ఏం తినిందో అడగండి. ఇంట్లో అందరి తర్వాత తింటుందా, గిన్నెలో అప్పటికి పప్పు మిగులుతుందా, అది కూడా అడగండి. పుస్తకంలో ఈ ప్రశ్న లేదు, ఇరవై ఏళ్లు వెతికాను.

ఖాళీ గడి

మా ప్రిన్సిపాల్ మేడమ్ చెడ్డ మనిషి కాదు. వయసులో ఉన్నప్పుడు ఆమె సూది వేస్తే పసిపిల్లలు ఏడ్చేవారు కాదని అందరూ చెప్పుకునేవారు. పదేళ్లు ఆఫీసు కుర్చీలో కూర్చున్నాక ఆమెకు కాగితం మీది గడులు తప్ప ఇంకేమీ కనపడకుండా పోయాయి. "ఇన్‌స్పెక్షన్ వాళ్ల కన్ను ఖాళీ గడి మీదికే పోతాది. ఖాళీ గడి కనపడకూడదు. ఏదో ఒకటి నింపించండి," అనేది. ఆ 'ఏదో ఒకటి' అనే మాటను మేము పిల్లలకు మూడేళ్లు నేర్పి సర్టిఫికెట్ ఇచ్చి పంపేవాళ్లం.

మంచం కాళ్ల దగ్గర తగిలించే చార్టు మీకు తెలుసు. నాలుగు గంటలకు ఒకసారి ఒళ్లు వేడి, నాడి, ఊపిరి చూసి రాయాలి. మా పిల్లలు పొద్దున డ్యూటీ ఎక్కగానే ఒక మూల కూర్చుని రోజు మొత్తానికీ ఒక్కసారే నింపేసేవారు. వేడి తొంభై ఎనిమిది పాయింట్ ఆరు, నాడి డెబ్భై రెండు, ఊపిరి ఇరవై. వార్డు మొత్తానికీ ఒకే ఆరోగ్యం. ఇంత ఆరోగ్యంగా ఉన్నవాళ్లు ఆసుపత్రికి ఎందుకు వచ్చారో ఎవరూ అడగరు. పదకొండు గంటలకు టీ తాగుతూ నేను కింద సంతకాలు పెట్టేదాన్ని. మధ్యాహ్నం రెండు గంటల గడి పొద్దున పదకొండుకే ఎట్లా నిండిందని నాకూ అనుమానం రాలేదు. వచ్చినా పట్టించుకోలేదేమో, నిజం చెప్పాలంటే.

ఆరో నంబరు మంచం

నేను రిటైరవడానికి రెండేళ్ల ముందు జరిగింది ఇది. రూతు అప్పటికి మూడో సంవత్సరం. ఎమ్మిగనూరులో ఒక చిన్న కాన్పుల ఆసుపత్రికి పిల్లలను బస్సులో తీసుకుపోయేదాన్ని. ఆసుపత్రి పేరు అనవసరం. తప్పు మా స్కూలుది, నాది. ఆ రోజు పోయేసరికి, మరుసటి రోజే ఇన్‌స్పెక్షన్, వార్డు కూడా చూస్తామని కబురు పంపారు.

ఆరో నంబరు మంచం మీద ఉరుకుందమ్మ. కోసిగి వైపు పల్లె, తొలి కాన్పు, మూడో రోజు. నడి వేసవిలో రెండు దుప్పట్లు కప్పుకుని, చెవులకు గుడ్డ కట్టుకుని ముడుచుకుని పడుకుంది. పక్కన వాళ్లమ్మ, పసిబిడ్డను ఒళ్లో వేసుకుని.

పోతూ పోతూ, "ఏమవ్వా, ఎట్లుంది?" అన్నాను.

"పాలు పడినాయమ్మా. పాల జరం. సలి పెడతాండాది," అంది అవ్వ.

మూడో రోజు పాలు పడినప్పుడు ఒళ్లు కాస్త వెచ్చబడుతుంది, అది మామూలే. చార్టు చూశాను. తొంభై ఎనిమిది పాయింట్ ఆరు. కన్నతల్లి జ్వరం అంటోంది, కాగితం లేదంటోంది. నేను కాగితాన్ని నమ్మి సంతకం పెట్టి ఏడో మంచానికి పోయాను. పన్నెండేళ్లు కాన్పుల గదిలో పనిచేసినదాన్ని నేను.

మధ్యాహ్నం డ్యూటీకి రూతు వచ్చింది. కాసేపటికి పిల్లలు పరిగెత్తుకొచ్చారు, రూతు చార్టు పాడుచేసిందని. పోయి చూస్తే ఆరో మంచం చార్టులో రెండు గంటల గడిని అడ్డంగా కొట్టేసి, పక్కన 'చూడలేదు, థర్మామీటరు పనిచేయలేదు' అని రాసి పేరు పెట్టింది. నాకు ఒళ్లు మండింది.

"ఏంటికి కొట్టేసినావు? రేపు ఇన్‌స్పెక్షన్ అని తెలీదా నీకు?"

"రెండు గంటలది పొద్దున్నే రాసిపెట్టినారు మేడమ్."

"రాస్తే రాసినారు. నువ్వు చూసి సరిచేయొచ్చు కదా."

"సూసేదానికి థర్మామీటరు పని సేయలే. బ్యాటరీ పోయింది. ఎప్పుడు పోయిందో ఎవురికీ తెలీదు."

"అయితే ఉన్న నంబరు ఉండనీ. కొత్త కాగితం తెచ్చి నీట్‌గా ఎత్తి రాయి."

కొత్త కాగితం తెచ్చింది. పెన్ను మూత తీయలేదు. అందరూ చూస్తున్నారు. "ఎన్నిసార్లు చెప్పాల నీకు, గోడకు చెప్పినట్టుంది," అని అరిచాను.

"సెయ్యి పెడితే కాలతాంది మేడమ్ ఆయమ్మకు. మీరు ఒక్కసారి సెయ్యి పెట్టి సూడండి. తర్వాత మీరు ఏం రాయమంటే అది రాస్తాను."

దాని మొండితనం అందరికీ చూపిద్దామనే పోయి ఉరుకుందమ్మ నుదుటి మీద చెయ్యి పెట్టాను. పెట్టిన చెయ్యి వెనక్కి తీసుకున్నాను. నాడి పట్టుకుంటే లెక్కకు అందడం లేదు. దుప్పటి ఎత్తితే వాసన. కాన్పుల గదిలో పనిచేసిన ఎవరికైనా ఆ వాసన ఒకసారి తెలిస్తే చాలు. పొద్దున నేను ఆ మంచానికి మూరెడు దూరంలో నిలబడ్డాను.

రూతు ఆసుపత్రికి ఎదురుగా ఉన్న మందుల షాపుకు పరిగెత్తి కొత్త థర్మామీటరు తెచ్చింది. నూట నాలుగు దగ్గర ఆగింది. డాక్టరమ్మ వచ్చింది. వచ్చి మొదట అడిగింది, "జ్వరం ఎప్పటినుంచి?" అని. చార్టులో మూడు రోజులకూ సరిపడా అంకెలు ఉన్నాయి, ఆ ఒక్క ప్రశ్నకు మాత్రం జవాబు లేదు. చెప్పింది అవ్వ.

"నిన్న మాపటేల నుంచి సలి పెడతానే ఉండాది. మీ పిల్లలకు సెప్తిని. కాగితంలో బాగుండాదిలే అవ్వా అనిరి."

మాయ ముక్క లోపల మిగిలిపోయి చీము పట్టింది, విషం ఒళ్లంతా పాకుతోంది. సెలైను పెట్టి, మందులు ఎక్కించి, వెంటనే కర్నూలుకు పంపాలంది డాక్టరమ్మ. పొద్దున ఆ చార్టు నింపిన పిల్లను పిలిచాను. మైక్రోబయాలజీలో ఆ బ్యాచికి ఆమే ఫస్టు. బాలింత జ్వరం తెచ్చే క్రిమి ఏదో, అది గొలుసు మాదిరి ఎట్లా ఉంటుందో రంగులు వేసి గీసిన పేజీ నేనే నోటీసు బోర్డు మీద అంటించాను. ఆ పిల్ల ఏడుస్తోంది. ఎట్లా తిట్టేది? దానికి అట్లా నేర్పింది ఎవరు?

అంబులెన్సులో ఉరుకుందమ్మ, బిడ్డతో అవ్వ, సెలైను బాటిలు పట్టుకుని రూతు ఎక్కారు. నేను ఎక్కలేదు. మర్నాడు ఇన్‌స్పెక్షన్ ఉందని ఆగిపోయాను. ఇది రాయకుండా దాటేద్దామని చాలాసేపు అనుకున్నాను.

తర్వాత

ఇన్‌స్పెక్షన్ బాగా జరిగింది. ఆరో మంచం చార్టు ఒక్కటి ఫైల్లోంచి మాయమైంది. ప్రిన్సిపాల్ మేడమ్ నన్ను పిలిచి, చార్టు కొట్టేసినందుకు, అడగకుండా అంబులెన్సు ఎక్కినందుకు రూతు దగ్గర సంజాయిషీ రాయించుకోమంది. పొద్దున అబద్ధం రాసినవాళ్ల గురించి ఒక్క మాట అడగలేదు. రూతు చేత నేను రాయించలేదు. చూడకుండా సంతకం పెట్టింది నేనని నేనే రాసి టేబుల్ మీద పెట్టాను. మేడమ్ దాన్ని చదివి, డ్రాయరులో వేసి, "టీ తాగి పోండి," అంది. అంతే. ఎవరికీ ఏమీ కాలేదు.

ఉరుకుందమ్మ సంగతి వారం దాకా తేలలేదు. రూతు రోజూ ఫోన్ చేసి కనుక్కునేది. నేను రూతు ముఖం చూసి తెలుసుకునేదాన్ని. ఎనిమిదో రోజు ఆమె ముఖంలో రంగు వచ్చింది. ఉరుకుందమ్మ బతికింది.

ఆ తర్వాత నా క్లాసులో 'చూడలేదు' అని రాస్తే మార్కు వేసేదాన్ని. వార్డులో సంతకం పెట్టేముందు ప్రతి చార్టుకూ ఒక అంకె నేనే చూసి సరిపోల్చేదాన్ని. థర్మామీటరు బ్యాటరీ ఉందా లేదా అని రోజూ అందరి ముందు నా నోట్లోనే పెట్టుకుని చూపించేదాన్ని. పిల్లలు నా వెనక నవ్వుకునేవారు, నవ్వుకోనీ. మారారా అంటే, ఆరునెలలు మారారు. నేను రిటైరైన రోజు, పూలదండ మెడలో ఉండగానే, ఒక చార్టు చూశాను. నాలుగు వరసలు, ఒకే ఇంకు, ఒకే అంకె. చెప్పీ చెప్పీ నా నోరు నొప్పి పుట్టింది తప్ప ఏం లాభం? అయినా చెబుతున్నాను. ఖాళీ గడి చూసి ఎవరైనా తిడితే తిట్టనీండి. మీరు చెయ్యి పెట్టి చూడనిదాన్ని రాయకండి. బయాలజీ, మైక్రోబయాలజీ, న్యూట్రిషన్ మూడింటికీ నేను చెప్పే గైడు ఇదే, దీనికి షాపుకు పోనక్కరలేదు.

కర్నూలుకు పంపిన మూడు వారాలకు ఉరుకుందమ్మ చూపించుకోవడానికి ఎమ్మిగనూరులో అదే ఆసుపత్రికి వచ్చింది. సగం మనిషి అయింది, కానీ తన కాళ్ల మీద నడిచి వచ్చింది. అవ్వ భుజాన బిడ్డ. నన్ను చూడగానే అవ్వ వచ్చి నా రెండు చేతులూ పట్టుకుంది.

"నీ సెయ్యి సల్లగుండ తల్లీ. నువ్వు సెయ్యి పెట్టి సూసినాకనే తెలిసిందంట కదా. డాక్టరమ్మ సెప్పినాది."

ఊరుకుంటే సరిపోయేది. రూతు అవతల కుళాయి దగ్గర చేతులు కడుక్కుంటోంది, ఆమెకు వినపడదు కూడా.

"నేను కాదవ్వా," అన్నాను. "ఆ పాప పట్టు పట్టింది. నీ కూతురు బాగుందని రాసిన కాగితం మీద సంతకం నాది."

అవ్వకు వెంటనే అర్థం కాలేదు. నా చేతులు వదిలి, జారుతున్న బిడ్డను సర్దుకుంది. కోపం లేదు ఆమె ముఖంలో. నిజంగా తెలుసుకుందామనే అడిగింది.

"పొద్దున నీతోనే సెప్తిని కదమ్మా, సలి పెడతాండాదని. నువ్వు ఈడనే నిలబడి ఉంటివి. మరి ఏం సూస్తాంటివి?"

"కాగితం చూస్తున్నానవ్వా," అన్నాను.

అవ్వ నన్ను దాటి కుళాయి దగ్గరికి పోయి, రూతు చేతులు తుడుచుకునే దాకా ఆగి, బిడ్డను ఆ చేతుల్లో పెట్టింది.